వాసన పోయింది కదా అని నూతి నీళ్లు తాగకండి

మీ ప్రశ్న చదివాను. ఇంటి వెనక రైలు లైన్ మీద డీజిల్ వ్యాగన్ ఒరిగి రెండు రోజులైంది, పన్నెండు ఇళ్లకి నూతి నీళ్లే ఆధారం, ఇప్పటికి ఒక్క నూతిలోనే వాసన వస్తోంది, మిగతావి వాడుకోవచ్చా అని కదా. వద్దు. వాసన వచ్చిందైనా రానిదైనా, టెస్టు అయ్యేదాకా తాగడానికీ వంటకీ ఒక్క బిందె కూడా తోడకండి.

మా అమ్మావాళ్ల ఊళ్లో అచ్చం ఇదే జరిగింది. మా ఇల్లు లూప్ లైన్‌కి నూటయాభై అడుగులు కూడా ఉండదు. ఓ రాత్రి గూడ్సు పట్టాలు తప్పి ట్యాంకు వ్యాగన్ ఒకటి పక్కకి ఒరిగింది. మంటల్లేవు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అందుకే పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరి. ఒక్కో వ్యాగన్‌లో దాదాపు 70 వేల లీటర్లు పడతాయి, అందులో ఎంత కారిందో మాకు ఈరోజుకీ ఎవరూ చెప్పలేదు. తెల్లారేసరికి సగం ఊరు బిందెలూ క్యాన్లూ పట్టుకుని అక్కడే ఉంది. మా బావ కూడా రెండు క్యాన్లు నింపుకొచ్చి సరిగ్గా నూతి గట్టు పక్కనే పెట్టాడు, దానికి మా అక్క చేత ఇప్పటికీ తిట్లు తింటున్నాడు. మీ దగ్గర ఎవరైనా అలా తెచ్చి దాచుకుని ఉంటే ముందు అవి ఇళ్లల్లోంచి బయటికి పంపించండి.

మూడో రోజు సాయంత్రం అమ్మ చేద పైకి లాగి, గట్టు మీద పెట్టి నన్ను కేకేసింది. నీళ్ల మీద నెమలికన్ను రంగులు. కొన్ని నూతుల్లో ఇనుము వల్ల కూడా ఇలాంటి తెట్టు కడుతుంది, కానీ దాన్ని పుల్లతో కదిపితే పెంకుల్లా విడిపోయి అలాగే ఉండిపోతుంది. మా చేదలో పుల్ల పెట్టి గీస్తే రంగులు పక్కకి జరిగి, పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోయాయి. అది నూనె. “కాచుకుని తాగితే పోదురా?” అంది అమ్మ. పోదు. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, డీజిల్‌లో చాలా భాగం 180 దాటితే గానీ కదలదు, తేలికగా ఆవిరయ్యేది కాస్తా వంటింట్లో పొయ్యి పక్కనే గాల్లో కలుస్తుంది. బ్లీచింగ్ పౌడర్, పటిక దీనికి పనికిరావు. ఇంట్లో ఆర్‌వో మెషీన్ ఉంది కదా అనుకుంటారేమో, నూనెకి దాని మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) పాడైపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇక మేం చేసిన పెద్ద తప్పు: నుయ్యి తోడేస్తే శుభ్రమైపోతుందని మోటారు పెట్టి రాత్రంతా తోడాం. డీజిల్ నీటి కంటే తేలిక, నేలలోకి దిగి భూగర్భ జలం మీద తేలుతూ ఉంటుంది, మనం తోడేకొద్దీ ఆ చుట్టుపక్కల మట్టం దిగిపోయి, లైన్ వైపు నుంచి ఇంకా ఇంకా మన నూతిలోకే లాక్కొస్తుంది. అందుకని మీ నూతులే కాదు, పక్క పొలంలో బోరు నడుస్తుంటే దాన్ని కూడా ఆపించండి, గొడవైనా సరే. పైగా వాసన కొట్టే నూతి దగ్గర మోటారు స్విచ్ వేయడం, బీడీ కాల్చడం చాలా ప్రమాదం, లోపలికి మనిషిని దింపడం అయితే అస్సలు వద్దు. పైన తేలేదాన్ని తీయాల్సింది ఆ సరుకుకి సంబంధించినవాళ్లే, వాళ్ల దగ్గర దానికి తగ్గ పంపులూ నూనె పీల్చే ప్యాడ్లూ ఉంటాయి.

అసలు యుద్ధం నీళ్ల దగ్గర కాదు, మట్టి దగ్గర. మా ఊరికి శుభ్రం చేయడానికి వచ్చిన కాంట్రాక్టు మనుషులు తడిసిన మట్టి మీద కొత్త కంకర పోసి చదును చేసి వెళ్లిపోయారు, చూడ్డానికి శుభ్రంగానే ఉంది, మేమూ ఊరుకున్నాం. రెండు వారాలకి నూతిలో వాసన పోయింది. వేసవంతా ఏమీ లేదు, అమ్మ మళ్లీ ఆ నీళ్లతోనే అన్నం వండడం మొదలుపెట్టింది. ఆగస్టులో వానలు పడి నూతిలో నీళ్లు ఐదారడుగులు పైకొచ్చాయి, వాసనా వాటితోపాటే వచ్చింది. ఎండల్లో మట్టం దిగినప్పుడు నూనె మట్టికి పట్టుకుని ఉండిపోయిందన్నమాట, నీళ్లు పెరిగేసరికి మళ్లీ వదిలింది. సియాటెల్‌లో ఉండే మా బాబాయి కొడుకు చెప్తే తెలిసింది, అక్కడికి తూర్పున స్కైకోమిష్ అనే చిన్న ఊళ్లో రైలింజన్లకి ఇంధనం నింపేచోట దశాబ్దాల పాటు కారిన నూనెని తీయడానికి ఇళ్లనే తాత్కాలికంగా పక్కకి జరిపి కింది మట్టి తవ్వారట. 2025 జులైలో తిరువళ్లూరు దగ్గర డీజిల్ వ్యాగన్లు తగలబడినప్పుడు టీవీలో ఆ పొగ చూస్తూ కూడా నాకు కింద ఇంకిందెంతో అన్న ఆలోచనే. కాబట్టి తడిసిన మట్టి తవ్వి తీసుకెళ్లాలని ఈ వారమే పట్టుబట్టండి, వాన పడకముందే. ఈలోగా కారింది కాలవలోకి పోకుండా మట్టికట్ట వేసి ఊక పోయండి, నీళ్లు కొట్టి కడగనివ్వకండి.

టెస్టు సంగతి. పంచాయతీలో ఉండే కిట్టుతో ఇది తేలదు, అది ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివాటికి. ల్యాబ్‌లో ‘మినరల్ ఆయిల్’, ‘బెంజీన్, టోలుయీన్, జైలీన్’ అని పేరు పెట్టి అడగాలి, డీజిల్ కలిసిందో లేదో చెప్పేవి ఇవే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మినరల్ ఆయిల్ లీటరుకి 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలో పట్టకండి, ల్యాబ్‌వాళ్లిచ్చిన గాజు సీసా గాలి లేకుండా మూతిదాకా నింపి, ఐస్ పెట్టి అదే రోజు పంపాలి. వాసన రాని నూతులవి కూడా ఇప్పుడే పంపండి, రేపు అవి చెడితే ముందు బాగుండేవనడానికి అదే రుజువు. మేం పంపలేదు, తర్వాత “మీ నీళ్లు ముందునుంచే అంతేనేమో” అన్నారు, దానికి మా దగ్గర జవాబు లేదు.

అర్జీలు కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లోనూ, కాలుష్య నియంత్రణ మండలిలోనూ, గ్రామీణ నీటి సరఫరా ఆఫీసులోనూ ఇచ్చి రసీదు తీసుకోండి, వీఆర్వో చేత పంచనామా రాయించుకోండి. నష్టపరిహారం కోసం పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి ఐదేళ్లు గడువు ఉంది, మనకి చెన్నై బెంచ్. కానీ నీళ్ల ట్యాంకర్ మాత్రం ఈరోజే అడగండి, అందులో ఇంతకుముందు ఏం మోశారో కూడా అడగండి, నవ్వకండి, మాకొచ్చిన మొదటి ట్యాంకర్ నీళ్లు కూడా కంపే. రిపోర్టు బాగా వచ్చినా ఒక వానాకాలం గడిచి మళ్లీ టెస్టు చేయించేదాకా ఆ నీళ్లు బట్టలకీ గచ్చు కడగడానికే.

ఇంకోటి, చేద, చేంతాడు మార్చేయండి. రెండో ఏడు మా రిపోర్టు బాగుందని వచ్చాక కూడా నీళ్లు వాసనొస్తున్నాయని నాలుగు రోజులు ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం, తీరా చూస్తే ఆ వాసన పాత తాడుది.