కర్వ్ కలిసింది కదా అని ఆగిపోకు

అమ్మలూ,

రక్తప్రసరణని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌ని వాలిడేట్ చేసే పని, అంటే అది నిజం మనిషికి సరిపోతుందో లేదో తేల్చే పని, నీ చేతికొచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా గర్వంగా ఉంది. కానీ దాన్ని రేపు డాక్టర్లు వాడతారట, అది విన్నప్పటి నుంచి టెన్షన్‌గానూ ఉంది.

యూనిట్లు రెండోసారి చూసుకో. టైమ్ స్టెప్ (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య కాలం) సగానికి తగ్గించి, జవాబు మారుతోందేమో చూడు. సమీకరణాలను సరిగ్గా సాధించామని తేలాకే అవి మనిషికి సరిపోతున్నాయా అన్న ప్రశ్నకు రా.

నాతో పనిచేసిన ఒకాయన చాలా తెలివైనవాడు. పడుకున్న మనిషి ప్రెషర్ రికార్డింగ్ తీసుకుని, పారామీటర్లన్నీ దానికి తగ్గట్టు సవరించాడు. కర్వ్ మీద కర్వ్ కూర్చుంది. మళ్లీ అదే రికార్డింగ్ చూపించి వాలిడేట్ అయిందన్నాడు. చిన్నప్పుడు నువ్వు పుస్తకం వెనక జవాబు చూసి స్టెప్పులు రాసేదానివి, ఎంత తిట్టానో గుర్తుందా? ఇదీ అంతే తల్లీ.

తర్వాత టిల్ట్ టేబుల్ (పడుకున్న మనిషిని నిలువుగా లేపే బల్ల) డేటా ఇచ్చి చూశారు. మనిషి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి జారుతుంది. దాంతో బీపీ పడుతుంది. మెడ ధమనుల్లో ప్రెషర్‌ని కనిపెట్టే నరాల కొసలు, అంటే బేరోరిసెప్టర్లు, అది పసిగట్టగానే, సెకన్లలో గుండె వేగం పెరుగుతుంది, నాళాలు బిగుస్తాయి. ఆయన మోడల్‌లో ఆ రిఫ్లెక్సే లేదు. పడిన బీపీ మళ్లీ లేవలేదు. అంతకన్నా నన్ను భయపెట్టింది ఇంకోటుంది. నాళాల నిరోధం పెంచి, కంప్లయన్స్ (నాళాలు సాగే గుణం) అదే నిష్పత్తిలో తగ్గించినా డయాస్టోల్‌లో (గుండె సడలే దశలో) అదే కర్వ్ వచ్చింది. 1899లో ఒట్టో ఫ్రాంక్ ధమనుల్ని సాగే గదిలా చూపిన విండ్‌కెసెల్ మోడల్ నుంచీ ఉన్న చిక్కే ఇది: ప్రెషర్ తగ్గే తీరు ఆ రెండింటి లబ్ధాన్నే చెబుతుంది. నాళాలు బిరుసెక్కాయో లేదో తెలియాలంటే ఫ్లో (రక్తం పారే వేగం) కూడా కొలవాలి. ఫ్లో డేటా లేదంటే ఊరుకోకు, అడిగి తెప్పించు.

డేటాని కూడా అనుమానించు. ప్రెషర్ కొలవడానికి నాళంలో పెట్టే కేథటర్ గొట్టంలో చిన్న గాలి బుడగ ఉన్నా ప్రెషర్ ఆకారం మారిపోతుంది. చేతి దగ్గరి సిస్టోలిక్ ప్రెషర్ (బీపీలో పై అంకె) సాధారణంగా బృహద్ధమనిలో కంటే ఎక్కువే ఉంటుంది, ముఖ్యంగా కుర్రవాళ్లకి. వాటిని నేరుగా పోల్చకు.

చివరి పరీక్ష కోసం కొంత డేటాని మొదటే విడదీసి, నువ్వు చూడకుండా ఇంకొకరి దగ్గర ఉంచు. గర్భిణుల మీద, పిల్లల మీద పరీక్షించకపోతే ఆ మాట రిపోర్టు మొదటి పేజీలోనే రాయి. అది తీసేయమని ఎవరైనా పట్టుబడితే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. భోజనం మానేసి పనిచేయకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న