డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకోబోతున్న మేనకోడలికి

హనుమకొండ

బిడ్డా,

స్టాటిస్టిక్స్‌కు ఏ గ్రూపు తీసుకోవాలి, ఎలా చదవాలి అని దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) వెబ్ ఆప్షన్లు పెట్టకముందే అడిగావు, మంచి పని చేశావు. ముందు కాంబినేషన్ సంగతి. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ మూడూ ఉన్న గ్రూపు తీసుకో. మ్యాథ్స్ లేకుండా స్టాటిస్టిక్స్ ఒక్కటే ఉన్న గ్రూపు జోలికి పోకు. డిస్ట్రిబ్యూషన్లు (ఏ విలువ ఎంత అవకాశంతో వస్తుందో చెప్పే నమూనాలు) మొదలైతే గామా, బీటా ఇంటిగ్రల్స్ వచ్చి పడతాయి. క్యాలిక్యులస్ చేయి తిరగని వాళ్లు అక్కడ బట్టీకి దిగుతారు, ఇక మూడేళ్లూ అదే బట్టీ. కాలేజీ చూసేటప్పుడు సెకండియర్ పిల్లల ప్రాక్టికల్ రికార్డు ఒకసారి అడిగి తిప్పి చూడు. పేజీలన్నీ ఒక్క రాత్రిలో నింపినట్టుంటే అక్కడ ల్యాబ్ ఎలా నడుస్తుందో నీకే తెలుస్తుంది.

మొదటి ఏడాది నీ శక్తంతా ప్రాబబిలిటీ మీద పెట్టు. ఇంటర్‌లో చదివిందే కదా అని పిల్లలు వదిలేసేది ఇదే, తర్వాత ప్రతి పేపర్లో కాళ్లకు అడ్డం పడేదీ ఇదే. ఎక్కువమంది పొరబడేది షరతు దగ్గర. జబ్బు ఉన్నవాళ్లకు టెస్టులో పాజిటివ్ వచ్చే అవకాశం వేరు, పాజిటివ్ వచ్చినవాళ్లకు జబ్బు ఉండే అవకాశం వేరు. ఈ రెండింటినీ కలిపే బేయస్ సూత్రం రాసే ముందు పదివేల మందిని కాగితం మీద పెట్టుకో. నూటికి ఒకరికి జబ్బు ఉందనుకో, అంటే 100 మంది. టెస్టు జబ్బున్న నూరుగురిలో 95 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని నూరుగురిలో అయిదుగురికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. జబ్బున్నవాళ్లలో పాజిటివ్‌లు 95, లేని 9,900 మందిలో 495. మొత్తం 590 పాజిటివ్‌లలో నిజంగా జబ్బున్నది 95 మందికే, అంటే దాదాపు 16 శాతం. ఇలా చేతితో పది లెక్కలు చేశాక సూత్రం దానంతటదే గుర్తుంటుంది.

డిస్ట్రిబ్యూషన్లకు ఒక్కోదానికి ఒక్కో పేజీ కేటాయించు. మీన్ (సగటు), వేరియన్స్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) రాసే ముందు అది ఎలాంటి పరిస్థితికి వర్తిస్తుందో నీ మాటల్లో రాయి. అరుదైన సంఘటనల లెక్కకు వాడే పాయిసాన్‌లో మీన్, వేరియన్స్ సమానం. రెండే ఫలితాలుండే ప్రయత్నాలకు వాడే బైనామియల్‌లో వేరియన్స్ మీన్ కంటే తక్కువ. ఈ రెండు ముక్కలు తెలిస్తే, మీన్ 2.1, వేరియన్స్ 4.5 ఉన్న డేటాకు పాయిసాన్ ఫిట్ చేయమన్నప్పుడు అది కుదిరేలా లేదని లెక్క మొదలుపెట్టకముందే అనుమానం వస్తుంది. ఆ అనుమానం రావడమే చదువు.

ఇక ప్రాక్టికల్స్. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. మధ్యలో రౌండ్ చేయకు, చివరి జవాబు దగ్గరే చెయ్యి. 1001, 1002, 1003 అనే మూడు సంఖ్యల వేరియన్స్ 0.667. వర్గాల సగటు 1004004.667లోంచి సగటు వర్గం 1004004 తీసేస్తే వచ్చేది అది. ఆ వర్గాల సగటును 1004000 అని కుదించి రాశావో, వేరియన్స్ మైనస్ 4 వస్తుంది. వేరియన్స్ ఎన్నడూ నెగెటివ్ కాదు, కాబట్టి అలా వస్తే తప్పు నీ రౌండింగులోనో కూడికలోనో ఉంది. అన్నింటిలోంచి 1002 తీసేసి మైనస్ 1, 0, 1తో చేస్తే గొడవే ఉండదు. కాలిక్యులేటర్‌లో స్టాండర్డ్ డీవియేషన్‌కు (వేరియన్స్ వర్గమూలానికి) రెండు మీటలు ఉంటాయి, ఒకటి ఎన్‌తో, అంటే విలువలు ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యతో, భాగించేది, ఒకటి ఎన్ మైనస్ ఒకటితో భాగించేది. ఏది ఏదో మొదటి రోజే 1, 2, 3 వేసి చూసుకో: 0.816 వస్తే ఎన్, 1 వస్తే ఎన్ మైనస్ ఒకటి. ఆర్ సాఫ్ట్‌వేర్ అడగకుండానే రెండోదే ఇస్తుంది.

డేటాకు డిస్ట్రిబ్యూషన్ సరిపోతుందో లేదో చూసే కై-స్క్వేర్ పరీక్షలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (టేబుల్‌లో ఏ వరుస చూడాలో చెప్పే సంఖ్య) దగ్గర జాగ్రత్త. ఎక్స్‌పెక్టెడ్ ఫ్రీక్వెన్సీ (డిస్ట్రిబ్యూషన్ ప్రకారం రావాల్సిన లెక్క) 5 కంటే తక్కువ ఉన్న తరగతులను పక్కవాటితో కలిపాకే లెక్కపెట్టాలి. పాయిసాన్‌కు 7 తరగతులుంటే, చివరి రెండూ కలిపితే 6. అందులోంచి ఒకటి మామూలుగా పోతుంది, లామ్డాను (పాయిసాన్ మీన్‌ను) డేటా నుంచే తీశావు కాబట్టి ఇంకొకటి పోతుంది, మిగిలేది 4. చాలామంది 6 దగ్గరే ఆగి టేబుల్ చూస్తారు.

ఎస్టిమేషన్‌లో, అంటే శాంపిల్‌తో తెలియని విలువను అంచనా కట్టేచోట, క్రామర్-రావు అసమానత వస్తుంది. పక్షపాతం లేని అంచనా వేరియన్స్ ఎంతకన్నా తగ్గదో అది చెబుతుంది. ఆ రావు మన సి.ఆర్. రావు గారే, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి, ఆ తర్వాత కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు (ఐఎస్ఐకి) వెళ్లినవారు. ఆ ఫలితం 1945 నాటిది. దాన్ని రాసేటప్పుడు షరతులు తప్పక రాయి. సున్నా నుంచి తీటా (అంచనా కట్టాల్సిన విలువ) వరకు అన్నిటికీ సమాన అవకాశం ఉండే యూనిఫాం డిస్ట్రిబ్యూషన్‌కు అది వర్తించదు, ఎందుకంటే అక్కడ హద్దే తీటా మీద ఆధారపడి ఉంది. హైపోథిసిస్ పరీక్షల్లో కూడా చివరి వాక్యం పైలంగా రాయాలి. నల్ హైపోథిసిస్‌ను (పరీక్షకు పెట్టిన మొదటి ఊహను) తిరస్కరించలేకపోయామంటే అది నిజమని తేలినట్టు కాదు. దానికి వ్యతిరేకంగా సరిపడా ఆధారం ఈ శాంపిల్‌లో దొరకలేదు, అంతే.

శాంప్లింగ్‌ను థియరీ అని పక్కన పెట్టకు, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది అదే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చిన మిర్చిలో తేమ ఎంతో తెలియాలంటే, గేటు పక్కన ఉన్న బస్తాల పైపొర నుంచి గుప్పెడు తీస్తే చాలదు. అలాంటివి పది తీసినా, వెయ్యి తీసినా తప్పు అటువైపే ఉంటుంది. లాట్లకు నంబర్లు వేసి, రాండమ్ నంబర్లతో ఎంచి, బస్తా అడుగు నుంచి కూడా తీయాలి. సగటు ధర కూడా అంతే. 10 బస్తాలు క్వింటాలు 18,000కు, 90 బస్తాలు 12,000కు పోతే సగటు 15,000 అని చెప్పేస్తారు. బస్తాల బరువు ఒకటే అనుకుంటే, రైతులకు వచ్చిన సగటు 12,600. డేటా ఎవరు, ఎలా, ఎక్కడ తీశారో ప్రతి రికార్డు పేజీ పైన ఒక లైను రాసి పెట్టు. ఎవరూ మార్కులివ్వరు, అయినా రాయి.

పీజీకి తెలంగాణ ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్ ఉంది. ఐఐటీల్లో పీజీ కోసం జామ్, ఐఎస్ఐ ప్రవేశ పరీక్షలు రాయాలనుకుంటే సెకండియర్ నుంచే మ్యాథ్స్ గట్టిగా చెయ్యాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలైన ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంటే అర్హత వస్తుంది, సబ్జెక్టు పేపర్లు మాత్రం పీజీ స్థాయివి.

కాలేజీ తెరిచేలోపు ఇంటర్ 2ఏలో ప్రాబబిలిటీ, రాండమ్ వేరియబుల్స్ అధ్యాయాలూ, 2బీలో డెఫినిట్ ఇంటిగ్రల్సూ మళ్లీ చెయ్యి, రోజుకు ఎనిమిది లెక్కలు. చిక్కు పడ్డవి వేరే నోట్‌బుక్‌లో రాసుకో. ఆదివారం వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా, కూర్చుని చూద్దాం.

నీ మామయ్య