ముందు ఎంగిలి టబ్బు తూకం వెయ్యి అబ్బోడా

అబ్బోడా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. యూనివర్సిటీ పక్కన మెస్సు పెడతా ఉండావు, అది కూడా భూమికి చెడుపు చెయ్యని మెస్సు అంటా ఉండావు, బోర్డు మీద ఆకుపచ్చ రంగుతో ఆర్గానిక్ అని రాయించేదానికి పెయింటర్‌ని కూడా మాట్లాడేసినావంట. మీ అత్త విని నవ్వింది. నేను నవ్వలేదులే, తిరుపతి బాలాజీ కాలనీలో 26 ఏళ్లు మెస్సు నడిపినోణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తా, పెయింటర్‌ని మాత్రం ఒక నెల ఆగమను.

మొదట నువ్వు కొనాల్సింది బియ్యం కాదు, కాటా. పాత సామాన్ల వాళ్ల దగ్గర వేలాడేసే కాటా ఉంటుందే, అది చాలు. చేతులు కడిగే తావులో ఎంగిలి టబ్బు పెడతావు గదా, రోజూ రాత్రి దాన్ని ఎత్తే ముందు తూకం వేసి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయి. నేను ఈ పని మెస్సు పెట్టిన పదకొండేళ్లకి గానీ మొదలుపెట్టలా. అది కూడా బుద్ధి వచ్చి కాదు. అప్పట్లో మిగిలింది పాలామె గేదెకి కుడితిలో పోసేదానికి ఇస్తా ఉంటిమి, ఒకరోజు ఆర్డర్ భోజనాలకి జనం సగమే వచ్చి రెండు గంగాళాల అన్నం మిగిలిపోతే పుణ్యం గదా అని అంతా ఆమెకే పంపించినా. తెల్లారేసరికి గేదె కడుపు ఉబ్బి పడిపోయింది, బతకలా. అంత అన్నం ఒకేసారి తింటే పశువు కడుపులో అది పులిసిపోతుందని డాక్టరు చెప్పినాక గానీ తెలీలా నాకు. గేదె డబ్బులు వాయిదాల్లో కట్టుకున్నా, ఆమె మాత్రం మళ్లీ మా గడప తొక్కలా. ఆ వారమే కాటా కొన్నా.

మొదటి వారం రోజుకి 18 కిలోలు వచ్చింది, అందులో సగం వట్టి అన్నమే. తొమ్మిది కిలోల అన్నం అంటే మూడు కిలోల బియ్యం, అంటే నాలుగున్నర కిలోల వడ్లు. కిలో వడ్లు పండాలంటే సుమారు 2500 లీటర్ల నీళ్లు కావాలని ఫిలిప్పీన్స్‌లో ఉండే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. గుణించుకో, 11 వేల లీటర్ల పైనే. ఎండాకాలంలో ఒక్క ట్యాంకర్ కోసం వీధంతా బిందెలు వరసపెట్టి కొట్లాడుకునే ఊర్లో నేను రోజుకి రెండు ట్యాంకర్ల నీళ్లు టబ్బులో పోస్తా ఉన్నానన్నమాట. నేనొక్కడినే కాదులే, 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి పారేసినారని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 రిపోర్టులో ఉండాది, అందులో నూటికి 28 వంతులు మన హోటళ్లు, మెస్సులు, క్యాంటీన్లదే. ఆ పారేసింది చెత్త కుప్ప కింద గాలి తగలకుండా కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది, అది ఇంకో పాపం.

టబ్బు ఎట్ల తగ్గిందో చెప్తా. అన్నం ఒకేసారి వండడం మానేసినా, పన్నెండుకి ఒక గిన్నె, ఒంటిగంటకి కూర్చున్నోళ్లని లెక్కబెట్టి రెండో గిన్నె. రెండోసారి ఎసరు పెట్టేదానికి వంటోడు సణుగుతాడు, సణగనీ. వడ్డించే హస్తం చిన్నది కొన్నా, అడిగితే మళ్లీ వెయ్యమని చెప్పినా, పిల్లోళ్ల కడుపు కట్టమని మాత్రం చెప్పలా, అది గుర్తుపెట్టుకో, కడుపు నిండని మెస్సుకి ఎవడూ రాడు. శనివారం ఊర్లకి పోయేదెవరో శుక్రవారం రాత్రే అడిగేది, ఇప్పుడైతే నీకు వాట్సాప్ గ్రూపు ఉండాది. క్యాలెండర్ నెల రోజులు నిండినాక దాన్ని చదువు, అది మాట్లాడుతుంది. మాకు సొరకాయ కూర రోజల్లా టబ్బు బరువెక్కతా ఉన్నింది, అదే సొరకాయ అనపగింజలతో కలిపి వండితే ఖాళీ.

ఇంక సంగటి సంగతి. నువ్వు మిల్లెట్ బౌల్ అన్నావు, ఆ పేరు పెట్టబాక, రాగి సంగటి అనే అను. వరి మడిలో నీళ్లు నిలిస్తే మట్టికి గాలి తగలక మీథేన్ పుడుతుంది, రాగికి నిలవ నీళ్ల పనే లేదు, మన తట్టు వానకే పండుతుంది, పెరుమాళ్లపల్లె పరిశోధన కేంద్రం వాళ్లు రాగిలో రకాలు కూడా తెచ్చినారు. వారానికి రెండు రాత్రిళ్లు సంగటి, చెనిగింజల ఊరిబిండి పచ్చడి, ఆకుకూరల పులగూర పెట్టు. గుంటూరు పిల్లోళ్లు మొదట్లో మొహం చిట్లిస్తారు, కాబట్టి నిమ్మకాయంత ముద్ద ఊరికే రుచి చూడమని ప్లేటులో పెట్టు, పక్కన అన్నం ఉంచు. మొదట్లో నూకలు కాస్త ఎక్కువ వెయ్యి, అలవాటైనాక పిండి పెంచు. నూకలు మెత్తగా ఉడికినాక పిండి కుప్పగా పోసి కట్టెతో నడిమధ్యలో ఒక బొక్క పొడిచి సన్నమంట మీద వదిలెయ్యి, ఆవిరి ఆ బొక్కలోంచి బుసబుస పైకొస్తేనే కట్టె తీసుకో, తొందరపడి గెలికితే ఉండలు కట్టి లోపల పచ్చిపిండి ఉంటుంది, పిల్లోళ్లు ఇంక జన్మలో తినరు. కూరల్లోకి చెనిక్కాయ, అనప, అలసంద, ఉలవ వాడు, ఇవన్నీ వేర్ల బుడిపెల్లో గాల్లోని నత్రజని తామే పట్టుకుంటాయి, యూరియా పని తక్కువ. యూరియా తయారయ్యేదే సహజవాయువుతో, పైరు తాగని మిగులులో కొంత నైట్రస్ ఆక్సైడ్ అయి గాల్లో కలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ కంటే అది సుమారు 270 రెట్లు వేడి పట్టి ఉంచుతుందంట.

ఆదివారం మటన్ పూర్తిగా ఆపేస్తే తిరగబడతారు. నెమరేసే పశువులన్నీ తేన్పుల్లో మీథేన్ వదుల్తాయి కాబట్టి 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం సగటు లెక్కలో కిలో మటన్ కిలో కోడికి దగ్గర దగ్గర నాలుగింతలు కాలుష్యం. కొండ మీద మేసొచ్చే మన మేకలకి కూడా ఆ లెక్కే సరిపోతుందా అంటే నాకు డౌటే, అయినా నెలకొకసారి మటన్, మిగతా ఆదివారాలు కోడో గుడ్డో చాలు. పామాయిల్ చవకే, కానీ ఇండోనేషియా, మలేషియాలో అడవులు కొట్టి వేసిన తోటలదీ అందులో ఉంటుంది, మన జిల్లా చెనిక్కాయ నూనె పెట్టుకుని దానికి పోవడం నాకు నచ్చదు. అప్పడాలు తగ్గించు, నూనె ఖర్చు సర్దుకుంటుంది.

దూరం నుంచి వచ్చే సరుకు గురించి నువ్వు మరీ భయపడతా ఉండావు. అదే అధ్యయనంలో తిండి వల్ల వచ్చే కాలుష్యంలో రవాణా వాటా నూటికి 6 మాత్రమే. మదనపల్లి టమాటా రావాలా, పక్కూరిదే కావాలా అని తల బద్దలు కొట్టుకోబాక. ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసే వారంలో నాలుగు బాక్సులు ఎక్కువ కొని ఊరగాయ పెట్టు. పేపర్ ప్లేట్లు వద్దు, చాలా వాటికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, స్టీలు ప్లేట్లు తీసుకో, పండగలకి అరిటాకు.

ఆర్గానిక్ బోర్డు మాటకి వస్తే, చంద్రగిరి తట్టు ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఉండారు, పొయ్యి మాట్లాడు, కానీ నోటిమాట నమ్మబాక. పొలానికి పోసే జీవామృతం డ్రమ్ము చూపించమను, 200 లీటర్ల నీళ్లల్లో పది కిలోల పేడ, ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. మూత తీస్తే పులిసిన వాసన ముక్కుకి కొట్టాల. డ్రమ్ములో బూజు, పక్కన యూరియా బస్తా కనిపిస్తే టీ తాగి వచ్చెయ్యి.

వచ్చే నెల మొదటి శనివారం నేను వస్తా. సాయంత్రం భోజనాలు అయినాక టబ్బు ఎత్తబాక, నేను వచ్చేదాకా అట్లే ఉంచు, క్యాలెండర్ కూడా గోడ మీదనే ఉండాల.

మీ మామ