బరువెత్తేటప్పుడు వణికితే భయపడబాకు

కావలి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. ఒంగోల్లో జిమ్‌లో చేరావని, స్క్వాట్ (బరువు భుజాల మీద పెట్టుకుని గుంజీలు) చేస్తుంటే తొడలు దడదడా వణుకుతున్నాయని, రాత్రి పడుకున్నాక పిక్కలో కండ దానంతటదే టకటకా కొట్టుకుంటోందని చెప్పింది. దాన్ని గురించి ఫోన్లో వెతికి, ఏదో పెద్ద నరాల జబ్బేనని తేల్చుకుని అన్నం కూడా సరిగ్గా తినడం లేదట. ఇన్నేళ్లు డ్రిల్లు మాస్టారుగా పిల్లల కాళ్లూ చేతులూ చూస్తూ బతికినవాణ్ణి. నాకు తెలిసింది రాస్తున్నా, నిదానంగా చదువు నాయనా.

ముందు ఒకటి తెలుసుకో. బరువు మీదున్నప్పుడు వణకడం వేరు, ఊరికే ఉన్నప్పుడు అదరడం వేరు. రెంటినీ ఒకే జబ్బు కింద వెతకబట్టే నీకింత భయం పట్టుకుంది.

వణుకు సంగతి చూద్దాం. తొడ కండ అంతా ఒకే ముద్దగా పనిచేయదు. వెన్నుపాము నుంచి వచ్చే ఒక్కో నరకణం కొన్ని కండ పోగుల్ని నడుపుతుంది. ఆ కణాన్నీ దాని పోగుల్నీ కలిపి మోటార్ యూనిట్ అంటారు. తేలిక పనికి చిన్న యూనిట్లు చాలు, బరువు పెరిగేకొద్దీ పెద్దవి రంగంలోకి దిగుతాయి. తుమ్మలపెంట ఒడ్డున పెద్ద వల లాగేవాళ్లని చూశావు గదా. ఓపికున్నంతసేపూ ఒకరు పట్టు సడలిస్తే ఇంకొకరు లాగుతుంటారు, తాడు సాఫీగా వస్తుంది. అలిసిపోయాక అందరూ ఒక్కసారే లాగి ఒక్కసారే వదుల్తారు, తాడు కుదుపులు కుదుపులుగా వస్తుంది. సెట్ చివర్లో, అంటే ఆపకుండా వరసగా చేసే గుంజీల చివర్లో, నీ తొడలో జరిగేది ఇంచుమించు అదే. ప్లాంక్‌లో, అంటే మోచేతులూ కాలివేళ్ల మీద ఒళ్లు బిగబట్టి ఉన్నప్పుడు, పొట్ట వణికేదీ అందుకే. బరువు దించి రెండు మూడు నిమిషాలు కూర్చుంటే సర్దుకుంటుంది.

కొత్తలో ఇది మరీ ఎక్కువ. మొదటి నెలా రెండు నెలల్లో వచ్చే బలంలో చాలా భాగం కండ లావెక్కి వచ్చేది కాదు, నరాలు పని నేర్చుకోవడం వల్ల వచ్చేది. ఏ యూనిట్‌ని ఎప్పుడు పిలవాలో వాటికింకా అలవాటు కాలేదు. వారాలు గడిచేకొద్దీ అదే బరువు దగ్గర వణుకు తగ్గాలి. తగ్గుతోందా లేదా అన్నది నువ్వు గమనించుకోవాలి.

వణికితేనే కండ పెరుగుద్దని చెప్పేవాళ్లు జిమ్‌లో ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ల మాట పట్టుకోబాకు. వణుకు అలుపుకి గుర్తు, అంతే. కండకి కావాల్సింది క్రమంగా పెరిగే బరువు, తిండి, నిద్ర. ఈసారి ఎవరినైనా పక్క నుంచీ ముందు నుంచీ వీడియో తీయమను. కిందికి దిగినప్పుడు తొడ వణుకుతున్నా మోకాళ్లు కాలివేళ్ల వైపే చూస్తూ, నడుం వంగకుండా ఉంటే ఫర్వాలేదు. మోకాళ్లు లోపలికి వాలుతున్నా, బార్ ఒక పక్కకి ఒరుగుతున్నా ఆ సెట్ అక్కడే ఆపెయ్. మరుసటి సెట్‌కి బరువులో పదో వంతు తగ్గించు, దిగేటప్పుడు మనసులో మూడు లెక్కపెట్టుకుంటూ దిగు. ఇంకో రెండు చేయగలను అనిపించినప్పుడే ఆపడం నేర్చుకో. బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువు పైకి నెట్టే బెంచ్ ప్రెస్ మాత్రం తలకాయ దగ్గర మనిషి లేకుండా చేయబాకు. చేతులు వణికి బార్ గొంతు మీదికొస్తే లేపేవాళ్లుండాలి. ఈ ఒక్క విషయంలో నా మాట తప్పకుండా విను.

ఇక పిక్క అదరడం. పడుకున్నాక పిక్క మీద చర్మం ఎగిరెగిరి పడటం, కంటి రెప్ప కొట్టుకోవడం, బొటనవేలు దానంతటదే కదలడం, ఇవన్నీ బాగా శ్రమపడ్డ మనిషికి వస్తుంటాయి. కన్ను అదిరితే మీ నాయనమ్మ శకునం చూస్తుంది. నువ్వు మాత్రం నీ నిద్ర ఎంతో, నువ్వు తాగేది ఏంటో చూసుకో. డబ్బాలో పొడి ఏదో కలుపుకుని తాగుతున్నావట గదా, ప్రీ వర్కౌట్ అని. డబ్బా వెనక కెఫీన్ ఎంతుందో చదువు. చాలావాటిలో ఒక్క స్కూపుకే 200 నుంచి 300 మిల్లీగ్రాములుంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద 400 దాటకూడదంటారు, అందులో నువ్వు తాగే కాఫీ, టీ కూడా లెక్కే. పైగా అది ఒంట్లో సగానికి తగ్గాలంటేనే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఏడింటికి తాగి పదకొండింటికి పడుకుంటే నిద్ర ఎట్లా పడుతుంది, పిక్క ఎట్లా ఊరుకుంటుంది? ఒక రెండు వారాలు ఆ డబ్బా మూతపెట్టి చూడు.

ఆఫీసు నుంచి ఏమీ తినకుండా నేరుగా జిమ్‌కి పోతున్నావని కూడా విన్నా. ఖాళీ కడుపుతో బరువులెత్తితే చేతులు వణికి చెమటలు పట్టి కళ్లు తిరగొచ్చు. గంట ముందు రెండు అరటిపళ్లో, నాలుగు పులిబొంగరాలో తిను.

ఎండాకాలం మన వైపు ఉక్క సంగతి చెప్పేదేముంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో కసరత్తు చేస్తే బనీను పిండితే నీళ్లు కారతాయి. ఆ చెమటతో ఉప్పు కూడా పోతుంది. అప్పుడు లీటర్లకి లీటర్లు ఒట్టి నీళ్లే పట్టిస్తే రక్తంలో సోడియం పల్చబడుతుంది. ఉప్పేసిన మజ్జిగ తాగు. ఓఆర్ఎస్ అయితే లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపి తాగబాకు. పిక్క రాయిలా బిగుసుకుపోతే అది మళ్లీ వేరు. మోకాలు చాపి, పాదం వేళ్లు నీ వైపుకి లాక్కుని అట్లాగే పట్టుకుంటే వదులుతుంది. నీ గదిలో ఉండే కుర్రాడిది కనిగిరి వైపన్నావు గదా. అక్కడ ఫ్లోరైడు నీళ్లు, కిడ్నీ జబ్బులు ఎంతమందిని పట్టి పీడిస్తున్నాయో నీకు తెలుసు. ఆ పిల్లోడికి కిడ్నీ పరీక్ష చేయించకుండా నువ్వు తాగే పొడులూ, రోజూ కొబ్బరినీళ్లూ అలవాటు చేయబాకు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండెకే ముప్పు.

ఉబ్బసానికి సాల్‌బుటమాల్ పీల్చేవాళ్లకి చేతులు వణకొచ్చు. అట్లాగని మందు మానేయకూడదు, డాక్టరుకి చెప్పాలి. కూర్చున్నా గుండె దడదడలాడుతూ, బాగా తింటున్నా బరువు తగ్గుతూ, చేతివేళ్లు సన్నగా వణుకుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకో.

నువ్వు చదివి బెదిరిపోయిన ఆ మోటార్ న్యూరాన్ జబ్బు, అంటే కండల్ని నడిపే నరకణాలు దెబ్బతినే జబ్బు, సంగతికొద్దాం. అందులో కండ అదరడం ఉంటుంది, నిజమే. కానీ అదురు ఒక్కటే ఉండి బలం చెక్కుచెదరకుండా ఉంటే సాధారణంగా దాన్ని గురించి బెంగపడక్కర్లేదు. చూడాల్సింది బలాన్ని. నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, ఒక చేతి కండ మాత్రమే కరిగిపోతుండటం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం, ఇట్లాంటిది ఏది కనపడినా ఆలస్యం చేయకుండా న్యూరాలజీ డాక్టరు దగ్గరికి పోవాలి. నువ్వు పోయిన నెలకంటే ఎక్కువ బరువు ఎత్తుతున్నావని మీ అమ్మే చెప్పింది. బలం పెరుగుతోంది గదా నాయనా, ఆ భయం ఎందుకు?

నిజంగా భయపడాల్సింది ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్లు మానేసి ఒక్కసారిగా విపరీతంగా చేసినప్పుడు కండలు వాచి, తట్టుకోలేని నొప్పులొచ్చి, మూత్రం డికాషన్ రంగులో పడితే కండ కరిగి రక్తంలో కలుస్తోందని అర్థం. కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పి బిళ్లలు మింగి పడుకోబాకు, ఆ రోజే ఆసుపత్రికి పో.

ఒక నోటు పుస్తకం పెట్టుకో. ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎన్నోసారికి వణుకు మొదలైంది, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, కాఫీ ఎన్నిసార్లు తాగావు, అన్నీ రాయి. రెండు వారాలయ్యాక ఆ పేజీలు ఫోటో తీసి నాకు పంపు, వీడియో కూడా పంపు. మోకాళ్లు ఎట్లా ఉన్నాయో చూసి చెప్తా. అమ్మకి ఈ రాత్రికే ఫోన్ చేసి అన్నం తిన్నానని చెప్పు.

ఇట్లు
నీ పెదనాన్న