పీచు మంచిదే... మరి మాత్రలు ఎందుకు ఆపారు?

ప్రశ్న: నా వయసు 47. ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఎత్తు 168 సెంటీమీటర్లు, మొన్నటివరకు బరువు 88 కిలోలు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే షుగర్ దానంతట అదే తగ్గుతుందని ఒక వీడియోలో చూసి పీచు పొడి, మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ మొదలుపెట్టాను. అంతకుముందు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రోజుకు రెండుసార్లు వేసుకునేవాణ్ని. రెండు నెలల కిందట మానేశాను. ఇప్పుడు ఆకలి బాగానే ఉంది, 6 కిలోలు తగ్గాను. రాత్రిపూట మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తోంది, నీళ్లు ఎక్కువ తాగుతున్నందుకేమో. నాకు ఏ ప్రోబయోటిక్ మంచిది? పేగుల్లోని బ్యాక్టీరియా గురించి తెలిపే మల పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి అసలు విషయం ముందు చెబుతాను. ప్రోబయోటిక్ సంగతి తర్వాత. ఆకలి బాగా ఉండి, కడుపునిండా తింటూ, రెండు నెలల్లో 6 కిలోలు తగ్గడం నాకు శుభవార్తలా అనిపించడం లేదు. అది పీచు ఘనత అని మీరు అనుకుంటున్నారు. షుగర్ అదుపు తప్పిందేమోనని నా అనుమానం.

రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు, మూత్రంలోకి వదిలేస్తాయి. ఆ గ్లూకోజ్ తనతో పాటు నీటినీ లాక్కుపోతుంది. అంటే మీరు నీళ్లు ఎక్కువ తాగడం వల్ల మూత్రం రావడం కాకపోవచ్చు, మూత్రం ఎక్కువ పోతున్నందువల్లే దాహం వేస్తుండవచ్చు. తిన్నది ఒంటికి పట్టకుండా పోతుంటే శరీరం కొవ్వును, కండను కరిగించుకుని బతుకుతుంది. తూకం యంత్రం మీద అంకె తగ్గుతుంది, మనిషి మురిసిపోతాడు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వంటి ఇతర కారణాలూ ఉండవచ్చు. ఉత్తరం చూసి రోగనిర్ధారణ చేయడం నా పని కాదు, చేయకూడదు కూడా.

అందుకని రేపే పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్ చూపించుకోండి. హెచ్‌బీఏ1సీ, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే పదార్థాలు) కూడా. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది. మీరు మాత్రలు మానిన కాలం అంతకంటే తక్కువ కాబట్టి అది కాస్త మెరుగ్గా వచ్చినా ధీమా పడవద్దు. ఆ కాగితాలతో మిమ్మల్ని చూసే డాక్టరును ఈ రెండు మూడు రోజుల్లోనే కలవండి. షుగర్ 300 పైన ఉన్నా, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ పూటే అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఇది చదవగానే కంగారుపడి పాత మాత్రలు పాత మోతాదులో మింగేయకండి. మీ తిండి మారింది, బరువు మారింది. గ్లిమెపిరైడ్ షుగర్‌ను ఉన్నట్టుండి పడగొట్టగల మందు. మూత్రపిండాల పరిస్థితి తెలియకుండా మెట్‌ఫార్మిన్ గురించి కూడా నేను ఇక్కడి నుంచి ఏమీ చెప్పలేను. ఎంత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో మీ డాక్టరే నిర్ణయించాలి.

ఒక మాట కటువుగా చెప్పనివ్వండి. మానేసే ముందు డాక్టరుకు ఒక ఫోను చేయడానికి అడ్డం వచ్చిందేమిటి? షుగర్ పెరిగితే నొప్పి ఉండదు. కాబట్టి ఒంట్లో బాగానే ఉందనిపించడం లెక్కలోకి రాదు. పంటినొప్పికి మర్నాడే పరిగెత్తుకొచ్చేవారు, కంటి రెటీనా దెబ్బతిని చూపు మసకబారే దాకా షుగర్‌ను మాత్రం పట్టించుకోరు. మాత్రలు తగ్గించుకోవాలన్న కోరికలో తప్పు లేదు. బరువు నిజంగా తగ్గినప్పుడు మేమే తగ్గిస్తాం, కొందరికి పూర్తిగా ఆపుతాం కూడా. అయితే రిపోర్టు చూసి ఆపుతాం.

ఇక వీడియో సంగతి. అందులో చెప్పింది అబద్ధమని అనను, సగమే చెప్పారు. పీచు చిన్నపేగులో అరగదు. పెద్దపేగు చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. బ్యుటిరేట్ పెద్దపేగు లోపలి పొర కణాలకు ముఖ్యమైన ఆహారం. ఈ ఆమ్లాలు పేగుల్లోని కొన్ని కణాలను ప్రేరేపించి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలయ్యేలా చేస్తాయి. ఇప్పుడు బరువు తగ్గడానికి వాడుతున్న ఇంజెక్షన్లు అనుకరించేది ఆ హార్మోన్‌నే. కానీ పీచు వల్ల దొరికే ప్రభావం ఆ ఇంజెక్షన్ల ముందు చాలా చిన్నది. 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన చైనా అధ్యయనంలో, పీచు బాగా ఎక్కువగా తిన్న టైప్-2 మధుమేహులకు 12 వారాల్లో హెచ్‌బీఏ1సీ మిగతావారికంటే ఎక్కువ తగ్గింది. ఆ పరీక్షలో పాల్గొన్న రెండు వర్గాలవారూ అకార్బోస్ అనే షుగర్ మందు వాడుతూనే ఉన్నారు.

ఇంకొక విచిత్రం. మెట్‌ఫార్మిన్ స్వయంగా పేగుల్లోని బ్యాక్టీరియాను మారుస్తుంది. మంచిదని పేరున్న ఆకర్‌మాన్సియా అనే సూక్ష్మజీవి దాని వల్ల పెరుగుతుందని చూశారు. బ్యాక్టీరియాను బాగు చేసుకోవాలని మీరు పక్కన పెట్టేసింది ఆ మందునే!

ప్రోబయోటిక్: ఏ బ్రాండూ చెప్పను. షుగర్ మీద వాటి ప్రభావం స్వల్పం, ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, మందుకు బదులుగా పనికిరాదు. మల పరీక్ష: వద్దు. బ్యాక్టీరియా ఇంత ఉంటే మామూలు అని అందరూ ఒప్పుకున్న కొలత లేదు, ఫలితం ఏదొచ్చినా మీ చికిత్స మారదు. ఆ డబ్బుతో రెటీనా పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష, పాదాల పరీక్ష చేయించుకోండి. ఆరేళ్ల షుగర్‌కు ఇవి ఏటా జరగాల్సినవి. ఉత్తరంలో వాటి ఊసే లేదు.

పీచు మానవద్దు. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాములు, అదీ ఆహారం నుంచే రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. పప్పులు, పొట్టు తీయని ధాన్యాలు, కూరగాయలు, రసం తీయకుండా తినే పండ్లు. ఒక్కసారిగా పెంచితే గ్యాస్, ఉబ్బరం ఖాయం. వారానికి కొంచెం చొప్పున పెంచండి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నాయని తేలితే పప్పులు, పండ్లు ఎంత తినాలో అడిగి తెలుసుకోవాలి. తిన్న కాసేపటికే కడుపు బరువెక్కి వికారం వస్తుంటే, లేదా గతంలో పేగు ఆపరేషన్ జరిగి ఉంటే డాక్టరు చెప్పేవరకు పొడి జోలికి వెళ్లవద్దు. పొడిని గ్లాసు నిండా నీళ్లతోనే తాగాలి, లేకపోతే గొంతులోనో పేగులోనో అడ్డుపడే ప్రమాదం ఉంది. మాత్రలకూ దానికీ రెండు గంటల ఎడం ఉంచండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకెళ్లండి. రుచి కోసం చక్కెర కలిపిన పొడులు కూడా అమ్ముతున్నారు.