మినీ బస్సుకి ఏ డోర్ పెట్టించాలి?

ప్రశ్న: మా స్కూల్‌కి 26 సీట్ల మినీ బస్సు ఉందండి, చేత్తో తీసే డోర్ మార్చి ఆటోమేటిక్ పెట్టిద్దామనుకుంటున్నాం. ఆటోనగర్‌లో బాడీ బిల్డర్ ఎయిర్ డోర్ (గాలి ఒత్తిడితో తెరుచుకునేది) చవక అంటున్నాడు, పెట్టించమంటారా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తొందరపడకండి సార్. ముందు మీ బండికి ఎయిర్ బ్రేకులున్నాయో లేవో చూడండి, ఉంటే ఆ గాలితోనే డోర్ కూడా నడుస్తుంది. చిన్న బళ్ళు చాలావాటికి ఉండవు, అప్పుడు డోర్ కోసమే కంప్రెసరూ ట్యాంకూ విడిగా బిగించాలి, ఇక చవకేముంది? అలాంటి బండికి ఎలక్ట్రిక్ మోటారు డోరే మేలు. వోల్టేజీ కూడా చెప్పి ఆర్డరివ్వండి, పెద్ద బస్సులకి 24, మినీలకి ఎక్కువగా 12 వోల్టులు, తేడా వస్తే మోటారు సరిగ్గా తిరగదు, లేదా కాలిపోద్ది.

కొలత ఒక్కచోట తీసుకుంటే సరిపోదు. పైన, మధ్యలో, కింద వెడల్పు కొలిచి, ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా కొలతలు రెండూ ఒకటేనా అని కూడా సరిచూడండి, పాత బాడీ కాస్త ఒరిగి ఉంటే కొత్త డోర్ పట్టదు.

పిల్లల బండి కాబట్టి ఒక్క విషయంలో మాత్రం బేరమాడొద్దు. అంచు రబ్బరులో సెన్సర్ ఉండాలి, చెయ్యి అడ్డొస్తే డోర్ వెనక్కి తెరుచుకోవాలి, మీ ముందే చెక్కముక్క పెట్టి చూపించమనండి. కరెంటు పోయినా లోపల్నించీ బయట్నించీ చేత్తో తెరిచే ఎమర్జెన్సీ హ్యాండిల్ తప్పనిసరి. డోర్ తెరిచుంటే బండి కదలకుండా ఇంటర్‌లాక్ అడగండి.

రబ్బరు, మోటారు, కంట్రోలర్ విడిగా దొరుకుతాయో లేదో బిల్లు కట్టేముందే పార్ట్ నంబర్లతో సహా రాయించుకోండి.