టెక్సాస్‌లో గ్యాస్ లీజు: లాయర్‌ను పెట్టుకోవాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాలుగేళ్ల కిందట పనోలా కౌంటీలో 80 ఎకరాలు కొన్నాం. ఇప్పుడు గ్యాస్ కంపెనీ తరఫున ల్యాండ్‌మ్యాన్ వచ్చి మూడేళ్ల మినరల్ లీజు కాగితం ఇచ్చాడు. రాయల్టీ ఎనిమిదో వంతు. అందరికీ ఇచ్చే ఫారమే అని, వారంలో సంతకం పెడితే బోనస్ ఇస్తామని అంటున్నాడు. లాయర్ ఫీజు దండగ అంటున్నారు స్నేహితులు. ఏం చేయమంటారు?

జవాబు: 80 ఎకరాలకైతే తప్పకుండా పెట్టుకోండి. కానీ ముందు మీ డీడ్ (భూమి కొన్న దస్తావేజు) బయటికి తీసి చదవండి. టెక్సాస్‌లో పై నేల ఒకరిది, కింది ఖనిజం మరొకరిది కావచ్చు. అమ్మినవాళ్లు ఖనిజ హక్కును సగమో మొత్తమో తమకే ఉంచుకుంటే అది డీడ్‌లో 'రిజర్వేషన్' కింద ఉంటుంది. ముందు తరాల్లోనే విడిపోయి ఉంటే మీ డీడ్‌లో కనబడకపోవచ్చు, కౌంటీ క్లర్క్ రికార్డుల్లో వెతకాలి. ల్యాండ్‌మ్యాన్ ఆ రికార్డులు చూసే వచ్చి ఉంటాడు. మీ వాటా ఎన్ని ఎకరాలని తేలిందో అతన్నే రాతపూర్వకంగా అడగండి. అది రెండు మూడు ఎకరాలే అయితే విడిగా లాయర్ దండగే. ఇరుగుపొరుగు వాళ్లతో కలిసి ఒక లాయర్‌ను పెట్టుకుంటే చాలు.

మూడేళ్లంటే పొలం కౌలుకిచ్చినట్టు మూడేళ్లకి అయిపోతుందని అనుకోవద్దు. ఆ మూడేళ్లలో బావి తవ్వి గ్యాస్ తీస్తే, లాభసాటిగా వస్తున్నంత కాలం లీజు నడుస్తూనే ఉంటుంది. మీ పిల్లల కాలం దాకా కూడా నడవచ్చు. పైగా ఆ బావి మీ భూమిలో ఉండక్కర్లేదు. మీ 80లో ఐదెకరాలను పక్క భూములతో కలిపి ఒక యూనిట్ చేస్తే, అక్కడి బావి మిగతా 75 ఎకరాలనూ పట్టి ఉంచుతుంది. దీన్ని ఆపడానికి, యూనిట్‌లో చేరని ఎకరాలను లీజు నుంచి వదిలేయాలనే 'ప్యూ క్లాజ్' రాయించాలి. కంపెనీ ఫారంలో అది సాధారణంగా ఉండదు.

ఇక రాయల్టీ. 640 ఎకరాల యూనిట్‌లో మీ 80 ఎకరాలూ పడ్డాయనుకోండి. యూనిట్ మొత్తం మీద పది లక్షల డాలర్ల గ్యాస్ అమ్ముడైతే ఎనిమిదో వంతు లెక్కన మీకు 15,625 డాలర్లు. నాలుగో వంతైతే 31,250. నాలుగో వంతు ఇచ్చే లీజులు టెక్సాస్‌లో కొత్తేమీ కాదు, అడగండి.

వంతు కుదిరినా కోతలు ఉంటాయి. గ్యాస్‌ను శుద్ధి చేసి పైపులైనులో పంపే ఖర్చులో మీ వాటా తగ్గించి ఇస్తారు. హెరిటేజ్ రిసోర్సెస్ అనే కంపెనీ కేసులో అలాంటి కోతలు కూడదని లీజులో రాసే ఉంది. అయితే రాయల్టీని 'బావి దగ్గరి మార్కెట్ విలువ' మీద లెక్కకట్టాలని కూడా ఉంది. దాంతో మొదటి మాటకు విలువ లేదని టెక్సాస్ సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. మాట రాయించుకున్నా రాయల్టీ రావాల్సినవాళ్లు నష్టపోయారు. నేను లాయర్ కావాలని గట్టిగా చెప్పేది ముఖ్యంగా ఇందుకే. ఏ వాక్యం పక్కన ఏ వాక్యం ఉంటే ఏమవుతుందో ఈ పని రోజూ చేసేవాళ్లకే తెలుస్తుంది. ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన లాయర్ దీనికి సరిపోరు. టెక్సాస్ బోర్డ్ ఆఫ్ లీగల్ స్పెషలైజేషన్ ఆయిల్, గ్యాస్, మినరల్ లాలో సర్టిఫికేషన్ ఇస్తుంది, అది ఉన్నవాళ్లను చూడండి. లీజు చదివి మార్పులు రాసిచ్చినందుకు ఇంత అని ఫీజు ముందే మాట్లాడుకోండి. రాయల్టీలో వాటా మాత్రం ఇవ్వొద్దు.

బోనస్ చెక్కుగా కాక డ్రాఫ్ట్‌గా ఇస్తే మరీ జాగ్రత్త. కంపెనీ మీ టైటిల్ పరిశీలించి ఒప్పుకున్నాకే ఆ డబ్బు వస్తుంది. ఈలోగా మీ సంతకం వాళ్ల చేతిలో ఉంటుంది. కాగితం పైన 'మినరల్ డీడ్' అని ఉంటే అది లీజు కాదు, అమ్మకం.

వారం గడువు చట్టం పెట్టింది కాదు, కాబట్టి టెన్షన్ పడకండి. మా లాయర్ చూశాక చెబుతామని ల్యాండ్‌మ్యాన్‌కి ఈరోజే ఈమెయిల్ పెట్టండి.